లవింగ్ కేసుకు దారి మిగిల్చింది ఆ 25 ఏళ్ల షరతే

ప్రశ్న సారాంశం: 2016లో వచ్చిన ‘లవింగ్’ సినిమా చూశాను. జాతులు వేరైన జంట పెళ్లి నేరమా అన్న ప్రశ్న మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు కదా, కోర్టు వాదనలు అంత తక్కువగా ఎందుకున్నాయి? 1958లో పెళ్లి, 1967లో తీర్పు. మధ్యలో తొమ్మిదేళ్లు ఎందుకు పట్టింది? సినిమాలో ఏది జరిగింది జరిగినట్టు చూపించారు, ఏది సర్దారు? మన స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ నోటీసుకు దీనికి పోలిక ఉందా?

సమాధానం:

కోర్టు వాదనలు తక్కువ కావడం ఆ సినిమాలో లోపం కాదండి. దర్శకుడు జెఫ్ నికల్స్ కావాలని తీసుకున్న నిర్ణయం అది. అయితే కేసు తెలియకుండా చూస్తే ఆ నిర్ణయం విలువ సగమే తెలుస్తుంది. అందుకే ముందు కేసు చెప్పి, తర్వాత సినిమాకు వస్తాను.

రిచర్డ్ లవింగ్ తాపీ మేస్త్రీ, తెల్లవాడు. మిల్డ్రెడ్ జీటర్‌ది నల్లజాతి, స్థానిక అమెరికన్ మూలాలు కలిసిన కుటుంబం. ఇద్దరిదీ వర్జీనియాలోని కరోలిన్ కౌంటీలో సెంట్రల్ పాయింట్ అనే పల్లె. ఆ పల్లెలో జాతులు ఎప్పటినుంచో కలిసే బతికేవి. రిచర్డ్ తన నల్లజాతి మిత్రులతో కలిసి రేసు కారు నడిపేవాడు. సినిమా మొదట్లో వచ్చే కార్ల పందెం అక్కడిదే. 1958 జూన్ 2న ఇద్దరూ వాషింగ్టన్ డీసీకి వెళ్లి పెళ్లి చేసుకున్నారు. అతనికి 24, ఆమెకు 18. డీసీలో జాతుల మధ్య పెళ్లిని అడ్డుకునే చట్టం లేదు, వర్జీనియాలో ఉంది. తిరిగొచ్చి ఆమె పుట్టింట్లో కాపురం పెట్టారు. జూలై 11 తెల్లవారుజామున రెండు గంటల వేళ షెరీఫ్ గార్నెట్ బ్రూక్స్ మనుషులతో వచ్చి పడకగదిలోనే అరెస్టు చేశాడు. గోడకు తగిలించిన పెళ్లి సర్టిఫికెట్ చూపిస్తే, అది ఇక్కడ చెల్లదన్నాడు. సినిమాలో ఈ ఘట్టం దాదాపు ఉన్నది ఉన్నట్టుగానే ఉంటుంది.

ఆ చట్టం పేరు 1924 నాటి రేషియల్ ఇంటెగ్రిటీ యాక్ట్. అందులో నాలుగు సెక్షన్లు గుర్తుపెట్టుకుంటే చాలు. 20-54: తెల్లవారు తెల్లవారినే పెళ్లి చేసుకోవాలి. 20-57: తెల్లవారికీ ‘కలర్డ్’ వారికీ జరిగిన పెళ్లి ఏ కోర్టూ చెప్పనక్కర్లేకుండా దానంతట అదే చెల్లదు. 20-58: ఈ నిషేధం తప్పించుకోడానికి రాష్ట్రం దాటి పెళ్లి చేసుకుని, తిరిగొచ్చి భార్యాభర్తలుగా ఉంటే అదీ నేరమే. 20-59: శిక్ష ఒకటి నుంచి ఐదేళ్ల జైలు. లవింగ్ దంపతుల మీద పెట్టింది 20-58. రాష్ట్రం బయట పెళ్లి చేసుకుంటే సరిపోతుందని రిచర్డ్ అనుకుని ఉండవచ్చు. కానీ ఆ దారిని మూయడానికే చట్టంలో విడిగా ఒక సెక్షన్ రాసి పెట్టారు.

తెల్లవారంటే ఎవరో కూడా చట్టమే చెప్పింది. కాకేసియన్ రక్తం తప్ప మరే రక్తమూ జాడకైనా ఉండకూడదు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది. అమెరికన్ ఇండియన్ రక్తం పదహారో వంతు లేక అంతకన్నా తక్కువ ఉన్నా తెల్లవారి కిందే లెక్క. పోకహొంటాస్ అనే స్థానిక అమెరికన్ స్త్రీ వారసులమని చెప్పుకునే వర్జీనియా పెద్ద కుటుంబాలు తమ చట్టంలో తామే చిక్కుకోకుండా పెట్టుకున్న మినహాయింపు ఇది. ఒక జాతి స్వచ్ఛతను కాపాడతానన్న చట్టం పలుకుబడి ఉన్న ఇళ్ల దగ్గర ఎలా పక్కకు తప్పుకుందో చూడండి.

ఇది తెలుపు, నలుపుల గొడవ మాత్రమే అనుకోకండి. 1955లో వర్జీనియా సుప్రీంకోర్టు తేల్చిన ‘నయీమ్ వర్సెస్ నయీమ్’ కేసులో భర్త చైనీయుడు, ఓడల్లో పనిచేసే నావికుడు. భార్య తెల్లజాతి స్త్రీ. పక్క రాష్ట్రం నార్త్ కరోలినాకు వెళ్లి చేసుకున్న పెళ్లి. దాన్ని కోర్టు రద్దు చేసింది. ఈ లెక్కన, అమెరికా వలస చట్టం 1965 అక్టోబరులో మారాక అక్కడికి వెళ్లిన మన తొలితరం డాక్టరో ఇంజనీరో వర్జీనియాలో తెల్లజాతి అమ్మాయిని పెళ్లాడాలన్నా 1967 జూన్ దాకా ఈ సెక్షన్లే అడ్డు. ఈ రోజు ఉత్తర వర్జీనియాలో ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి. అక్కడి పిల్లలకు ఈ కేసు వేరేవాళ్ల చరిత్రగా కాక తమ ఊరి చరిత్రగా తెలియాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు కీలకానికి వద్దాం. 1959 జనవరి 6న ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. జడ్జి లియాన్ బజైల్ ఏడాది జైలు వేసి, ఆ శిక్షను 25 ఏళ్లపాటు సస్పెండ్ చేశాడు. షరతు ఏమిటంటే, వెంటనే కౌంటీనీ రాష్ట్రాన్నీ విడిచిపోవాలి, 25 ఏళ్లదాకా ఇద్దరూ కలిసిగానీ ఒకే సమయంలోగానీ తిరిగి రాకూడదు. కోర్టు ఖర్చులు ఒక్కొక్కరికీ 36 డాలర్ల 29 సెంట్లు. షరతును జాగ్రత్తగా చదవండి. విడివిడిగా రావచ్చు. భర్త వచ్చినప్పుడు భార్య ఉండకూడదు, భార్య వచ్చినప్పుడు భర్త ఉండకూడదు. ఆ గడువు 1984 జనవరిలో తీరుతుంది. రిచర్డ్ 1975లోనే కారు ప్రమాదంలో పోయాడు. ఆ షరతు అలాగే నిలిచి ఉంటే అతను భార్యతో కలిసి సొంత ఊళ్లో మళ్లీ ఒక్క రోజు కూడా ఉండకుండానే వెళ్లిపోయేవాడు.

డీసీలో నాలుగేళ్లకు పైగా గడిచింది. 1963లో మిల్డ్రెడ్ అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీకి ఉత్తరం రాసింది. అక్కడినుంచి పౌరహక్కుల కోసం పనిచేసే అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్‌ను, అంటే ఏసీఎల్‌యూను, ఆశ్రయించమని సలహా వచ్చింది. 1963 జూన్ 20న ఏసీఎల్‌యూకు ఆమె రాసిన ఉత్తరం ఇప్పటికీ దొరుకుతుంది, తప్పక చదవండి. అందులో ఆమె అడిగింది చట్టం కొట్టేయమని కాదు. అక్కడ కాపురం ఉండలేమని మాకు తెలుసు, అప్పుడప్పుడు వెళ్లి మావాళ్లను చూసి రావాలని ఉంది, అంతే. చేతిరాతలో, మామూలు మాటల్లో అడిగిన ఆ చిన్న కోరిక పదహారు రాష్ట్రాల చట్టాలను కూల్చింది.

ఉత్తరం బెర్నార్డ్ కోహెన్ అనే కుర్ర లాయరు చేతికొచ్చింది. అతనికి ఎదురైన చిక్కు ఇది. నేరం ఒప్పుకున్నారు, అప్పీలు గడువు ఎప్పుడో దాటిపోయింది. మూసేసిన కేసును ఏ తలుపులోంచి తెరవాలి? సినిమాలో కోహెన్, దంపతులు మళ్లీ వర్జీనియాకు వెళ్లి అరెస్టయితే కొత్త కేసు పుడుతుందని సూచిస్తాడు. ఆ మాటకు రిచర్డ్ ముఖం ఎలా మారుతుందో గమనించండి. లాయరుకు అది ఎత్తుగడ. జైలు గది చూసి వచ్చిన మనిషికి మాత్రం అది మరోసారి భార్యను అందులోకి పంపడం.

చివరికి దారి దొరికింది శిక్షలోనే. వర్జీనియా న్యాయసంప్రదాయం ప్రకారం సస్పెండ్ అయిన శిక్ష నడుస్తున్నంతకాలం కేసు ఇంకా ఆ కోర్టు చేతిలో ఉన్నట్టే. తీర్పు సవరించమని అడిగే హక్కు ఉంటుంది. బజైల్ ఏడాది జైలు వేసి ఊరుకుని ఉంటే 1963 నాటికి వాళ్లు శిక్ష అనుభవించి బయటికొచ్చేవారు, కేసు మూతపడి ఉండేది. వాళ్లను పాతికేళ్లు దూరంగా ఉంచాలని పెట్టిన షరతే పాతికేళ్లపాటు కేసును బతికించి ఉంచింది. 1963 నవంబరు 6న కోహెన్ అదే కోర్టులో, అదే జడ్జి ముందు, తీర్పు రద్దు చేయమని మోషన్, అంటే అర్జీ, వేశాడు.

అప్పుడు జరిగింది మన కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకు బాగా తెలిసిన సంగతే. జడ్జి ఏమీ చెప్పలేదు. అవును అనలేదు, కాదు అనలేదు. దాదాపు ఏడాది అలాగే గడిచింది. మోషన్ కొట్టేస్తే దానిమీద అప్పీలుకు పోవచ్చు. మౌనం మీద అప్పీలు లేదు. ఆ తొమ్మిదేళ్లలో ఏడాదికి పైగా ఈ మౌనంలోనే పోయింది.

ఈ మౌనాన్ని ఛేదించింది మరో కుర్ర లాయరు ఫిలిప్ హిర్ష్‌కాప్. పౌరహక్కుల కేసుల్లో ఫెడరల్ (కేంద్ర) కోర్టు మెట్లు అతనికి తెలుసు. 1964 అక్టోబరు 28న ఇద్దరు లాయర్లూ కలిసి తూర్పు వర్జీనియా ఫెడరల్ జిల్లా కోర్టులో దావా వేసి, ముగ్గురు జడ్జిల ధర్మాసనం కావాలన్నారు. ముగ్గురే ఎందుకు? ఆ రోజుల్లో రాష్ట్ర చట్టం రాజ్యాంగ విరుద్ధమని, దాని అమలు ఆపమని అడిగితే ముగ్గురు జడ్జిలు కూర్చోవాలి. ఆ ధర్మాసనం తీర్పు మీద నేరుగా సుప్రీంకోర్టుకే అప్పీలు. అంటే రాష్ట్ర కోర్టులు కదలకపోతే వాటిని దాటి పైకి పోయే నిచ్చెన ఒకటి వేశారు. ఆ ఒత్తిడి పనిచేసింది. మూడు నెలలు తిరక్కుండా, 1965 జనవరి 22న బజైల్ మోషన్ కొట్టేశాడు. దేవుడు జాతులను వేరువేరు ఖండాల్లో పెట్టాడని, అవి కలవకూడదనేదే ఆయన ఉద్దేశమని రాసింది ఆ ఉత్తర్వులోనే. చదివితే ఒళ్లు మండుతుంది. కానీ లాయర్లకు కావలసింది అదే. రాతపూర్వకంగా ‘కాదు’ అని వచ్చింది, ఇక పైకి పోవచ్చు. పైగా చట్టం వెనక ఉన్న ఆలోచన ఏమిటో జడ్జే తన చేత్తో రాసిచ్చాడు. రెండేళ్ల తర్వాత సుప్రీంకోర్టు తీర్పులో ఆ వాక్యాలు యథాతథంగా ఎక్కాయి.

ఫిబ్రవరి 11న ఫెడరల్ ధర్మాసనం తన దగ్గరి దావాను వాయిదా వేసి, ముందు వర్జీనియా సుప్రీంకోర్టుకు వెళ్లి రమ్మంది. అక్కడ 1966 మార్చి 7న తీర్పు వచ్చింది. నయీమ్ కేసునే పట్టుకుని చట్టం సరైనదేనన్నారు, నేరం ఖాయం చేశారు. శిక్ష షరతును మాత్రం సవరించారు. ఇక మిగిలింది అమెరికా సుప్రీంకోర్టు. 1966 డిసెంబరు 12న అది కేసును విచారణకు తీసుకుంది.

సుప్రీంకోర్టు అంతకుముందే ఎందుకు పట్టించుకోలేదని అడగవచ్చు. నయీమ్ కేసు వాళ్ల గుమ్మం దాకా వచ్చింది. కానీ బడుల్లో జాతి వేర్పాటును కొట్టేసిన 1954 తీర్పు మీద దక్షిణాది రాష్ట్రాలు అప్పటికే భగ్గుమంటున్నాయి. ఆ సమయంలో పెళ్లి జోలికి పోకుండా, సాంకేతిక కారణం మీద పక్కన పెట్టేశారు. 1964 డిసెంబరులో మాత్రం ఫ్లోరిడా కేసులో, తెలుపు నలుపు జంట ఒకే గదిలో రాత్రి గడపడమే నేరమన్న చట్టాన్ని కొట్టేశారు. పెళ్లి సంగతి అప్పుడూ తేల్చలేదు. ఆ ఒక్క మెట్టు లవింగ్ కేసుకు మిగిలింది.

ఇంతదాకా చెప్పిందంతా సినిమాలో ఎంతుంటుంది? ఫెడరల్ దావా, ముగ్గురు జడ్జిలు, నయీమ్ నీడ, ఇవన్నీ ఒకటి రెండు మాటల్లో దాటిపోతాయి. 1967 ఏప్రిల్ 10 నాటి వాదనలు కొద్ది నిమిషాలే. వాటి మధ్య కెమెరా మిల్డ్రెడ్ ఇంటి పనికి, పిల్లలకు తిరుగుతుంది. కారణం ఒకటే. అసలు దంపతులు ఆ రోజు కోర్టులో లేరు. రమ్మని పిలిచినా రిచర్డ్ రానన్నాడు. నా భార్యను ప్రేమిస్తున్నాను, ఆమెతో వర్జీనియాలో ఉండనివ్వకపోవడం న్యాయం కాదు, ఈ మాట కోర్టుకు చెప్పండి అన్నాడు. కోహెన్ అదే మాట జడ్జిల ముందు చెప్పాడు. దంపతులు చూడనిది ప్రేక్షకుడికీ విస్తరించి చూపకూడదన్నది నికల్స్ నియమం. ఆ నియమం పట్టుకుని మళ్లీ చూడండి, సినిమా వేరేగా కనిపిస్తుంది. కేసులో ఎంత ఉత్కంఠ నడుస్తున్నా ఆ ఇంటికి చేరేది ఒక ఫోను మోత, ఒక ఉత్తరం. మిగతా సమయమంతా వంట, పిల్లలు, ఇటుక, సున్నం, నిరీక్షణ.

తాపీ పనిని కెమెరా అంతసేపు ఎందుకు చూస్తుందో కూడా అర్థమవుతుంది. రిచర్డ్ పొద్దున్నించి సాయంత్రం దాకా దారం కట్టి, వరస వరస పేర్చి, పరాయివాళ్లకు ఇళ్లు కడుతుంటాడు. సినిమా మొదట్లో ఒక ఎకరం నేల చూపించి ఇక్కడ నీకు ఇల్లు కడతానని మిల్డ్రెడ్‌కు చెప్పినవాడు, ఆ ఒక్క ఇల్లు మాత్రం కట్టలేడు. పత్రికలో ఫొటో వచ్చాక అతని బండిలో ఎవరో అదే కాగితం చుట్టిన ఇటుకను పెట్టిపోతారు. బెదిరింపు కూడా అతని పనిముట్టు రూపంలోనే వస్తుంది. ఎవరూ ఒక్క మాట అనరు. ఆ పత్రిక ‘లైఫ్’, సంచిక 1966 మార్చి 18, ఫొటోలు గ్రే విల్లెట్‌వి. సోఫా మీద టీవీ చూస్తూ భార్య ఒడిలో తల పెట్టుకుని నవ్వుతున్న రిచర్డ్ ఫొటో నిజంగా ఉంది. సినిమాలో మైకేల్ షానన్ ఆ ఫొటోగ్రాఫర్‌గా వస్తాడు. రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్లను నేరస్తులని ఖాయం చేసిన పదకొండు రోజులకే దేశం ఆ ఫొటోలు చూసిందన్నది గుర్తుంచుకుంటే, ఆ ప్రశాంతమైన సీను బరువు తెలుస్తుంది.

నటన గురించి ఒక్క మాట చెప్పాలి. మిల్డ్రెడ్‌గా వేసిన రూత్ నెగ్గా ఇథియోపియా, ఐర్లండ్ మూలాల నటి. రిచర్డ్‌గా వేసిన జోయెల్ ఎడ్జర్టన్ ఆస్ట్రేలియన్. ఇద్దరూ వర్జీనియా పల్లె యాసను, ఆ మనుషులు తల వంచుకునే తీరును పట్టుకున్నారు. నెగ్గాకు ఉత్తమ నటిగా ఆస్కార్ నామినేషన్ వచ్చింది. నా ఉద్దేశంలో ఎడ్జర్టన్ పని ఇంకా కష్టమైనది. రిచర్డ్ మాట్లాడడు. నేల చూస్తాడు, మెడ వంచుతాడు. భార్యను తాను కాపాడుకోగలనని చెప్పబోయి గొంతు పూడుకుపోయే రాత్రి ఒకటి ఉంది, ఆ ఒక్క చోట తప్ప అతని లోపల ఏముందో మనకు చెప్పరు. కోర్టులో ఉపన్యాసం దంచే హీరోను ఎదురుచూసి కూర్చున్నవాళ్లకు సినిమా నెమ్మదిగా ఉందనిపించేది ఇందుకే.

సర్దినవి ఏమిటంటారా? పిల్లలు పుట్టిన వరస, ప్రసవం కోసం వాళ్లు రహస్యంగా తిరిగొచ్చే ఘట్టం కథకు అనువుగా అమర్చినవి. రిచర్డ్ తల్లి మంత్రసాని అన్నది నిజం. కేసు నడుస్తుండగానే వాళ్లు వర్జీనియాకు తిరిగొచ్చి, సొంత కౌంటీలో కాకుండా పక్కచోట, చెట్లచాటు ఇంట్లో గుట్టుగా ఉండడమూ నిజమే. కోహెన్ సినిమాలో కాస్త తడబడే మనిషిగా కనిపిస్తాడు. ఇద్దరు లాయర్లూ అప్పటికి నిజంగానే అనుభవం తక్కువ కుర్రాళ్లు. కానీ హిర్ష్‌కాప్ వంతు సినిమాలో కనిపించే దానికన్నా పెద్దది. మొత్తంగా సర్దుబాట్లు కథను పక్కదారి పట్టించలేదు. దీనికి ముందు 2011లో నాన్సీ బుర్‌స్కీ తీసిన డాక్యుమెంటరీ ఉంది. ఆమె ఈ సినిమా నిర్మాతల్లో ఒకరు. ఆ డాక్యుమెంటరీలో అసలు దంపతుల పాత ఫిల్మ్ ఉంటుంది. సినిమా చూశాక చూస్తే ఎడ్జర్టన్ ఎంత నిజంగా చేశాడో తెలుస్తుంది.

వాదనల కోసం ఆకలి మిగిలితే, 1967 ఏప్రిల్ 10 నాటి ఆడియో రికార్డింగు ఉచితంగా దొరుకుతుంది, అది వినండి. హిర్ష్‌కాప్ ముందు లేచి సమాన రక్షణ మీద, అంటే చట్టం అందరినీ సమానంగా కాపాడాలన్న రాజ్యాంగ హామీ మీద, మాట్లాడతాడు. ఇవి ఆరోగ్యం కోసమో సంక్షేమం కోసమో పెట్టిన చట్టాలు కావు, బానిసత్వం నాటి చట్టాల కొనసాగింపు అంటాడు. తర్వాత కోహెన్ స్వేచ్ఛ హక్కు ఎత్తుకుంటాడు. అక్కడ నన్ను ఎప్పుడూ ఆపేసే వాదన ఒకటుంది. ఈ దంపతులు రాత్రి నిద్రపోయి పొద్దున లేవకపోతే తమ పిల్లలకు ఆస్తి వారసత్వంగా వస్తుందన్న భరోసాతో నిద్రపోయే హక్కు వాళ్లకు ఉంది, అంటాడు. 20-57 చదివినవాళ్లకే ఆ మాట పూర్తిగా తగులుతుంది. పెళ్లే లేదన్నాక పిల్లలు అక్రమ సంతానం, భార్యకు వితంతు భృతి రాదు, ఆస్తి దక్కదు. జైలు శిక్ష కన్నా ఆ నిశ్శబ్దమైన సెక్షనే ఎక్కువ ఇళ్లను కూల్చగలిగేది.

జపనీస్ అమెరికన్ల సంఘం తరఫున విలియం మారుతాని కూడా మాట్లాడాడు. సినిమాలో ఆయన కనిపించడు, ఇది నాకు నిజంగా వెలితి. స్వచ్ఛమైన తెల్లవారెవరో తేల్చడమే అసాధ్యమని, పైగా చట్టం కాపాడుతున్నది ఒక్క తెల్లజాతినేనని ఆయన వాదన. ఆసియా వాసులు మిగతా తెల్లవారుకాని వారిని పెళ్లాడితే వర్జీనియాకు అభ్యంతరమే లేదు. జాతులన్నిటి స్వచ్ఛత మీదా ఆ రాష్ట్రానికి బెంగ ఉంటే ఆ పెళ్లిళ్లనూ ఆపాలి కదా.

వర్జీనియా తరఫున మెకిల్వేన్ వాదనలో బలమైనది ఒకటే. శిక్ష ఇద్దరికీ సమానం, తెల్లవాడికీ ఐదేళ్లే, నల్లవాళ్లకూ ఐదేళ్లే, ఇక వివక్ష ఎక్కడుందని. వినడానికి తర్కంలాగే ఉంటుంది. దీన్నే ఆధారం చేసుకుని 1883లో అలబామా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి చట్టాన్ని నిలబెట్టింది. 1967 జూన్ 12న ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాసిన తీర్పు దాన్ని తిప్పికొట్టింది. ఇద్దరినీ సమానంగా శిక్షించడం కాదు లెక్క, అసలు నేరమన్నదే జాతిని బట్టి పుడుతోందా లేదా అన్నది లెక్క. తెల్లవారు ఉన్న పెళ్లిళ్లనే నిషేధించడం తెల్లజాతి ఆధిక్యాన్ని నిలబెట్టడానికేనని సూటిగా చెప్పింది. తొమ్మిదిమంది జడ్జిలూ ఏకగ్రీవం. పాటర్ స్టీవర్ట్ విడిగా నాలుగు మాటలు రాశాడు. తీర్పు రెండు భాగాలు, రెండోది రెండే పేరాలు. పెళ్లి మనిషి ప్రాథమిక హక్కుల్లో ఒకటని చెప్పేది అక్కడే. పెళ్లి హక్కు మీద తర్వాత వచ్చిన అమెరికా కేసులన్నీ, 2015లో స్వలింగ వివాహాల తీర్పుతో సహా, ఆ రెండు పేరాల దగ్గరికే తిరిగొస్తాయి. ఆ రోజుకు పదహారు రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. అన్నీ ఒక్కసారిగా చెల్లకుండా పోయాయి. కాగితం మీంచి మాత్రం అంత తేలిగ్గా పోలేదు. సౌత్ కరోలినా తన రాజ్యాంగంలోంచి ఆ నిషేధాన్ని 1998లో, అలబామా 2000లో ఓటు వేసి తీసేశాయి.

ఇక మన దగ్గరి పోలిక. పోలిక ఉంది, కానీ మీరనుకునే చోట కాదు. వర్జీనియాలో అడ్డుపడింది ప్రభుత్వం. ఊరివాళ్లలో, ఇంటివాళ్లలో చాలామంది ఆ జంటను సహించారు. మన దగ్గర చట్టం ఒప్పుకుంటుంది, ఇల్లూ ఊరూ కత్తి పడతాయి. 2018లో మిర్యాలగూడలో జరిగింది మనందరికీ గుర్తుంది. అందుకే మన జంటలకు చట్టం చెల్లుతుందా అన్నది ప్రశ్న కాదు, పెళ్లి నోటీసిచ్చాక ఆగాల్సిన ముప్పై రోజులు ఎలా గడవాలన్నదే ప్రశ్న.

మతాలు వేరైన జంటలకూ దారి చూపే 1954 స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ ప్రకారం ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు ప్రతిని ఆఫీసులో అందరికీ కనిపించేచోట అంటిస్తారు. జంటలు దెబ్బతినేది ఇక్కడే. వేరే ఊరు వెళ్లి, ఉదాహరణకు హైదరాబాదులో నోటీసిస్తే సొంత ఊళ్లో తెలియదనుకుంటారు. కానీ శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే సెక్షన్ 6 కింద ఆ జిల్లా అధికారికి ప్రతి పంపి, అక్కడ కూడా అంటించాలి. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు ఈ ప్రచురణ జంట కోరితేనే చాలంది. కానీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రార్లు ఆ తీర్పును పాటించి తీరాలని లేదు, దాన్ని నమ్ముకుని వెళ్లకండి.

30 రోజుల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అయితే అభ్యంతరం సెక్షన్ 4లోని వాటి మీదే ఉండాలి. వయసు (వరుడికి 21, వధువుకు 18), బతికున్న జీవిత భాగస్వామి, మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం. తల్లిదండ్రులకు ఇష్టం లేదన్నది అభ్యంతరమే కాదు, కులం కాదు, మతం కాదు. అధికారి అలాంటి కాగితం తీసుకుని పెళ్లి ఆపితే, ఏ క్లాజు కింద ఆపారో రాసిమ్మని అడగండి. అభ్యంతరం వచ్చిన 30 రోజుల్లో ఆయన తేల్చాలి, నిరాకరిస్తే 30 రోజుల్లో జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. బజైల్ కథ గుర్తుంది కదా, నోటిమాటగా ‘తర్వాత రండి’ అన్నదాని మీద అప్పీలు ఉండదు. కాగితం చేతికి రావాలి.

ఇద్దరూ హిందువులై కులాలు మాత్రమే వేరైతే ఈ నోటీసు దారి అక్కర్లేదు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించుకోవచ్చు, కులాంతరమన్నది చట్టానికి అడ్డు కాదు. ప్రాణభయం ఉంటే జిల్లా ఎస్పీకి పెళ్లికి ముందే రాతపూర్వకంగా రక్షణ కోరండి. 2018 మార్చి 27న శక్తి వాహిని కేసులో సుప్రీంకోర్టు, ఇద్దరు వయోజనులు ఇష్టపడి చేసుకునే పెళ్లికి కుటుంబం గానీ కులపెద్దలు గానీ ఒప్పుకోనక్కర్లేదని చెప్పి, ఇలాంటి జంటల రక్షణను పోలీసుల బాధ్యతగా పెట్టింది. దరఖాస్తులో ఆ తీర్పు పేరు, తేదీ రాయండి. అందినట్టు సంతకం, ముద్ర ఉన్న నకలు దగ్గర పెట్టుకోండి.

స్పెషల్ మ్యారేజ్ దారిలో పెళ్లి రోజున ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసిచ్చిన రోజునుంచి మూడు నెలల్లో పెళ్లి జరగకపోతే ఆ నోటీసు చెల్లదు, మళ్లీ మొదటినుంచి నోటీసు, మళ్లీ ఆ ముప్పై రోజులు. కాబట్టి సాక్షుల్లో ఒకరు చివరి నిమిషంలో వెనక్కి తగ్గే అవకాశం లెక్కవేసుకుని నలుగురైదుగురితో ముందే మాట్లాడి పెట్టుకోండి. వాళ్ల గుర్తింపు కార్డులు, ఫొటోలు ముందురోజే సిద్ధంగా ఉండాలి.